పాఠకుల ప్రశ్నలు: తండ్రి ఎలుకకు ఇచ్చిన రసాయనం, పిల్ల ఎలుక ప్రోటీన్‌లో దాని జాడ

ప్రశ్న: మగ ఎలుకలకు రసాయనం ఇచ్చి, వాటికి పుట్టిన పిల్లల ప్రోటీన్లను పరీక్షించి, వారసత్వంగా వచ్చిన ఉత్పరివర్తనాలను పట్టుకుంటారని ఒక పాఠ్యపుస్తకంలో ఒకే ఒక్క వాక్యంగా చదివాను. మార్పు జరిగేది డీఎన్‌ఏలో కదా, మరి ప్రోటీన్‌ను ఎందుకు పరీక్షించాలి? ఫలానా పిల్లలో ఫలానా ప్రోటీన్ మారిందని ఎలా తెలుస్తుంది? — జీవశాస్త్రం బోధించే ఒక పాఠకురాలు

సమాధానం: ఎలుక జన్యుపదార్థంలో సుమారు 270 కోట్ల అక్షరాలు ఉన్నాయి. 1970లలో, 80లలో వేల పిల్ల ఎలుకలలో ఒక్కొక్క దాని డీఎన్‌ఏను మొదటి నుంచి చివరిదాకా చదవడం ఊహకు కూడా అందని పని. కాబట్టి జన్యువు మారితే దాని నుంచి తయారయ్యే వస్తువులో ఏ మార్పు వస్తుందో చూడడమే అప్పటి పరిశోధకులకు మిగిలిన దారి.

ఈ దారిలో మొదటి అడుగు ఒంటి రంగు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో విలియం రస్సెల్ ఏడు జన్యువులను ఎంచుకొని ఒక పరీక్షను రూపొందించారు. వాటిలో ఆరు బొచ్చు రంగుకో మచ్చలకో సంబంధించినవి, ఒకటి చెవి పొడవుకు సంబంధించినది. రసాయనం ఇచ్చిన మామూలు మగ ఎలుకను, ఆ ఏడు జన్యువుల అంతర్గత (రెండు ప్రతులూ అలాంటివైతేనే బయటపడే) రూపాలను జంటగా మోస్తున్న ఆడ ఎలుకతో జతకట్టిస్తారు. తండ్రి నుంచి వచ్చిన ప్రతి చెడిపోయిన జన్యువు పిల్ల ఒంటి మీద నేరుగా కనబడుతుంది. పంజరం మూత తీసి చూస్తే చాలు. ఈ సరళత వల్లనే కొన్ని లక్షల పిల్లలను లెక్కించగలిగారు. అయితే ఆ ఏడు జన్యువులు కంటికి కనబడేవి గనుకనే ఎంపికైనవి. మిగిలిన వేల జన్యువులు కూడా అలాగే ప్రవర్తిస్తాయా అన్న ప్రశ్నకు ఆ పరీక్షలో జవాబు లేదు. జన్యువు పూర్తిగా చెడకుండా కొద్దిగా మారితే, ఆ మార్పు రంగులో బయటపడకుండా దాగిపోవచ్చు కూడా.

ప్రోటీన్ పరీక్ష ఈ లోటును కొంతవరకు తీర్చడానికి వచ్చింది. దాని మూలసూత్రాన్ని మీ విద్యార్థులకు కొడవలి కణ వ్యాధి ద్వారా చెప్పవచ్చు. ఆ రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో మామూలు హిమోగ్లోబిన్ కంటే వేరుగా కదులుతుందని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపింది. ఆ తేడాకు కారణం ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడమేనని, రుణావేశమున్న గ్లూటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట ఆవేశం లేని వాలీన్ చేరిందని తరువాత కొన్నేళ్లకు వెర్నన్ ఇంగ్రామ్ నిరూపించారు. డీఎన్‌ఏలో ఒక అక్షరం మారితే ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారింది, దానితో ప్రోటీన్ విద్యుదావేశం మారింది, దానితో జెల్‌లో (ప్రోటీన్లను విద్యుత్తుతో విడదీసే మెత్తని పలకలో) అది ఆగే చోటు మారింది. ఎలుకలలో చేసే పరీక్ష ఈ గొలుసును చివరి నుంచి మొదటికి చదువుతుంది.

ఒక జెల్‌ను దగ్గరగా చూద్దాం. సి57 బ్లాక్ 6, డీబీఏ 2 అనే రెండు ఎలుక వంశాలున్నాయి. గ్లూకోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్ అనే ఎంజైమ్ ఈ రెండు వంశాలలో రెండు భిన్న రూపాలలో ఉంటుంది. ఆ ఎంజైమ్ రెండు ఉపభాగాలు జతకూడితేనే పనిచేస్తుంది. ఒక వంశపు తల్లికీ మరో వంశపు తండ్రికీ పుట్టిన పిల్ల కణాలలో రెండు రకాల ఉపభాగాలూ తయారవుతాయి గనుక జతలు మూడు విధాలుగా ఏర్పడతాయి: తల్లివి రెండు, తండ్రివి రెండు, చెరొకటి. పిల్ల రక్తాన్ని కొద్దిగా తీసి, ఎర్ర కణాలను పగలగొట్టి, ఆ ద్రవాన్ని జెల్ మీద సన్నని గీతగా వేసి విద్యుత్తు పంపుతారు. అప్పటికి జెల్ మీద ఏమీ కనబడదు. తరువాత ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్, మరో సహాయక ఎంజైమ్, కొన్ని రంగు రసాయనాలు కలిపిన ద్రావణాన్ని దాని మీద పోసి, వెలుతురు తగలకుండా వెచ్చగా ఉంచుతారు. ఎంజైమ్ ఆగిన చోట్ల మాత్రమే చర్య జరిగి, కొద్దిసేపటిలో ముదురు నీలి పట్టీలు తేలుతాయి. ఆరోగ్యంగా ఉన్న సంకర పిల్లలో మూడు పట్టీలు కనబడతాయి, వాటిలో నడిమిది మిగిలిన రెండింటి కంటే చిక్కగా ఉంటుంది.

తండ్రి నుంచి వచ్చిన జన్యువు పూర్తిగా చెడిపోతే అదే జెల్‌లో తల్లి పట్టీ ఒక్కటే మిగులుతుంది. జన్యువు చెడకుండా ఒక అమైనో ఆమ్లం మారి ఆవేశం మారితే, తండ్రి పట్టీ తన చోటు నుంచి కొంత జరుగుతుంది, తండ్రి ఉపభాగం ఒక్కటే ఉన్న నడిమి పట్టీ అందులో సగం దూరమే జరుగుతుంది. ఈ సగం జరుగుబాటు నాకు ఎంతో నచ్చిన వివరం. ఏదో మరక పడిందనో ద్రావణం కలుషితమైందనో అనుకోవడానికి అది చోటివ్వదు. తల్లిదండ్రులను వేర్వేరు వంశాల నుంచి ఎంచుకోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఇద్దరిదీ ఒకే రూపమైతే తండ్రి జన్యువు పూర్తిగా పోయినా పట్టీ అక్కడే ఉంటుంది. కాస్త పలచబడుతుందేమో గాని మాయం కాదు.

ఇదే నమూనాలతో హిమోగ్లోబిన్‌నూ మరెన్నో ఎంజైమ్‌లనూ వేర్వేరు రంగులతో చూడవచ్చు. ఒక్క పిల్లలో ఇరవై జన్యువులను పరీక్షిస్తే అది ఇరవై పరీక్షలతో సమానం. అరుదైన సంఘటన కోసం వెదికేవారికి ఇది చాలా పెద్ద లాభం. అమెరికాలో ఫ్రాంక్లిన్ జాన్సన్, సూసన్ లూయిస్ ఈ పద్ధతితో, ఇథైల్‌నైట్రోసోయూరియా అనే రసాయనం వల్ల ఎలుకల బీజకణాలలో కలిగిన ఉత్పరివర్తనాలను గుర్తించి 1981లో ప్రచురించారు. జర్మనీలో కొందరు పరిశోధకులు పట్టీ స్థానాన్ని వదిలి ఎంజైమ్ పనితనాన్ని కొలిచే దారి పట్టారు. ఒక జన్యువు పూర్తిగా చెడితే పనితనం దాదాపు సగానికి పడిపోతుంది గనుక, ఆవేశంలో తేడా లేని మార్పులు కూడా ఆ కొలతలో దొరుకుతాయి.

1975లో మరో పెద్ద అడుగు పడింది. ప్రోటీన్లను మొదట ఆవేశాన్ని బట్టి ఒక దిశలో, తరువాత పరిమాణాన్ని బట్టి దానికి అడ్డంగా విడదీసే ద్విపరిమాణ పద్ధతిని పాట్రిక్ ఓఫారెల్, యోఆహిమ్ క్లోజె విడివిడిగా ప్రకటించారు. క్లోజె ఆ వ్యాసాన్ని ఎలుక కణజాలాల మీద, సరిగ్గా మీరు అడిగిన పని కోసమే రాశారు: క్షీరదాలలో ప్రేరిత ఉత్పరివర్తనాలను పట్టుకోవడానికి. కాలేయాన్ని ఇలా విడదీస్తే ఒకే జెల్ మీద వందల చుక్కలు కనబడతాయి. వాటిలో ఒకటి సగం పలచబడి, దాని పక్కనే అదే ఎత్తులో కొత్త చుక్క పుడితే అనుమానించవలసిందే.

ప్రశ్న: జెల్‌లో వింత పట్టీ కనబడినంత మాత్రాన అది వారసత్వపు మార్పేనని ఎలా నమ్ముతారు? నమూనా తారుమారు కావచ్చు, వేరే మగ ఎలుక జతకట్టి ఉండవచ్చు. — ఒక విద్యార్థి

సమాధానం: సరిగ్గా అడగవలసిన ప్రశ్న అడిగారు. నా దృష్టిలో ఈ మొత్తం పద్ధతికి ప్రాణం జెల్‌లో లేదు, జెల్ తరువాత చేసే పనిలో ఉంది.

వింత పట్టీ కనబడగానే ముందుగా అదే పిల్ల నుంచి మళ్లీ రక్తం తీసి మరో జెల్ నడుపుతారు. నిలవ ఉన్న నమూనాలో ప్రోటీన్ పాడై కూడా పట్టీ జరగవచ్చు గనుక పాత సీసాను నమ్మరు. తరువాత తల్లిదండ్రుల రక్తం చూస్తారు. ఆ మార్పు తండ్రి రక్తంలోనే ఉంటే అది రసాయనం వల్ల అతని బీజకణాలలో వచ్చినది కాదు, అతను పుట్టుకతో తెచ్చుకున్నది. పితృత్వం మీద అనుమానం ఉంటే, రెండు వంశాల మధ్య తేడా ఉన్న మిగిలిన ప్రోటీన్లన్నీ సాక్ష్యం చెబుతాయి. మిగతా పట్టీలన్నీ తల్లిదండ్రులకు సరిపోతూ ఒక్కటి మాత్రమే తేడాగా ఉంటే, పంజరంలోకి మరో ఎలుక వచ్చిందన్న వాదన నిలవదు.

అసలు పరీక్ష దీని తరువాతే. ఆ పిల్లను పెంచి, పెద్దదయ్యాక మామూలు ఎలుకతో జతకట్టించి, పుట్టిన పిల్లల రక్తాన్ని మళ్లీ అదే జెల్ మీద చూస్తారు. మెండెల్ నియమం ప్రకారం దాదాపు సగం మందిలో ఆ మార్పు కనబడాలి. ఎలుక గర్భకాలం 19 నుంచి 21 రోజులు, పిల్లలు జతకట్టే వయసుకు ఆరు నుంచి ఎనిమిది వారాలలో వస్తాయి. అందువల్ల ఒక అనుమానాన్ని తీర్చుకోవడానికి కనీసం మూడు నెలలు పడుతుంది. మనవల తరంలో సగంసగం వచ్చినప్పుడే దాన్ని ఉత్పరివర్తనంగా లెక్కలో రాస్తారు. ఆ పిల్ల సంతానం ఇవ్వకుండా చనిపోతే, పట్టీ ఎంత స్పష్టంగా ఉన్నా దాన్ని నిర్ధారితమైన వాటిలో చేర్చరు. ఈ కఠినత్వం వల్లనే ఆనాటి చిన్న చిన్న అంకెలను ఈనాటికీ నమ్మగలుగుతున్నాం.

లెక్కలో మరో జాగ్రత్త కూడా ఉంది. మార్పు వృషణంలోని మూలకణంలో జరిగితే ఆ కణం నుంచి పుట్టే శుక్రకణాలలో దాదాపు సగం దాన్ని మోస్తాయి గనుక, ఒకే తండ్రికి పుట్టిన పలు పిల్లలలో అదే మార్పు కనబడవచ్చు. దాన్ని ఐదు ఉత్పరివర్తనాలుగా లెక్కించాలా, ఒకటిగానా అన్నది ముందే తేల్చుకోకపోతే ఫలితం వంకరపోతుంది.

ప్రశ్న: ఈ ప్రయోగాలలో ఎప్పుడూ ఇథైల్‌నైట్రోసోయూరియా పేరే ఎందుకు వినబడుతుంది? రసాయనం ఇచ్చాక వారాల తరబడి ఆగడం దేనికి? — ఒక పాఠకుడు

సమాధానం: 1979లో రస్సెల్ బృందం తమ ఏడు జన్యువుల పరీక్షలో ఈ రసాయనాన్ని కిలో శరీర బరువుకు 250 మిల్లీగ్రాముల మోతాదులో ఇచ్చి చూసింది. 600 రాంట్జెన్ల (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) ఎక్స్-కిరణాలు ఒక్కసారిగా ఇచ్చినప్పుడు వచ్చే ఉత్పరివర్తనాలకు ఐదు రెట్లు వచ్చాయి. అంతకు ముందు అన్ని రసాయనాలలో అతి శక్తిమంతమైనదిగా తెలిసిన ప్రోకార్బజీన్ అనే క్యాన్సర్ మందు కంటే 15 రెట్లు ఎక్కువ. పద్ధతి పనిచేస్తోందా లేదా అని తేల్చుకోవడానికి ఇంత బలమైన రసాయనం ఎంతో అవసరం. బలహీనమైన దానితో మొదలుపెట్టి ఏమీ కనబడకపోతే, రసాయనం నిర్దోషో పద్ధతి గుడ్డిదో చెప్పలేం.

ఈ రసాయనం డీఎన్‌ఏ అక్షరాలకు ఇథైల్ అనే చిన్న గుంపును అంటిస్తుంది. కణం విభజన చెందేటప్పుడు ఆ అక్షరం ఎదుట తప్పు అక్షరం చేరుతుంది. ఎలుక బీజకణాలలో అడినీన్–థైమీన్ జతలు ఎక్కువగా ఇలా మారుతుంటాయి. రేడియేషన్ తరచు డీఎన్‌ఏలో పెద్ద ముక్కలనే తొలగిస్తుంది, ఇది మాత్రం అక్షరాన్ని అక్షరంతో మారుస్తుంది. ప్రోటీన్ పరీక్షకు ఈ తేడా ముఖ్యం. ముక్క పోతే పట్టీ మాయమవుతుంది, అక్షరం మారితే పట్టీ జరుగుతుంది. ఒక కారకం వల్ల ఎన్ని పట్టీలు మాయమయ్యాయి, ఎన్ని జరిగాయి అన్న నిష్పత్తే అది ఎలాంటి దెబ్బ కొడుతుందో కొంత చెబుతుంది.

ఇక ఆగడం సంగతి. ఎలుకలో వృషణ మూలకణం నుంచి శుక్రకణం తయారవడానికి సుమారు 35 రోజులు, అది పక్వమై బయటికి రావడానికి మరో వారం పైన పడుతుంది. రసాయనం ఇచ్చిన మొదటి వారాలలో పుట్టుకకు కారణమైన శుక్రకణాలు, ఇంజెక్షన్ నాటికే సగం తయారై ఉన్నవి. సుమారు ఏడు వారాల తరువాత వచ్చేవి మాత్రమే అప్పటికి మూలకణ దశలో ఉండి రసాయనం తగిలినవి. మూలకణంలో జరిగిన మార్పు ఆ ఎలుక జీవితాంతం శుక్రకణాలలోకి వస్తూనే ఉంటుంది గనుక దానికే ఎక్కువ ప్రాముఖ్యం. పైగా ఈ మోతాదులో చాలా బీజకణాలు చనిపోయి మగ ఎలుకలు కొన్ని వారాలు సంతానహీనంగా ఉంటాయి. మిగిలిన మూలకణాలు మళ్లీ పెరిగాకే పిల్లలు పుడతాయి.

ప్రశ్న: పెళ్లికి ముందు మా వారికి హాడ్జ్‌కిన్స్ వ్యాధికి (ఒక రకం క్యాన్సర్) చికిత్స జరిగింది. ఇచ్చిన మందులలో మీరు తరచు చెప్పే ఉత్పరివర్తక రసాయనాల కోవకు చెందినది కూడా ఉందట. ఎలుకలలో కనబడినది మా పిల్లలలోనూ జరుగుతుందా? — పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ భయం అర్థమవుతోంది. అందుకే తేలిక మాటలతో కాకుండా తెలిసినదంతా చెబుతాను. పై సమాధానంలో ప్రస్తావించిన ప్రోకార్బజీన్ హాడ్జ్‌కిన్స్ చికిత్సలో చాలాకాలంగా వాడిన మందే. అది ఎలుకలలో వారసత్వ ఉత్పరివర్తనాలను కలిగిస్తుందన్నది నిజం. అయితే క్యాన్సర్ నుంచి కోలుకున్నవారి పిల్లలను పెద్ద సంఖ్యలో పరిశీలించినప్పుడు, చికిత్స వల్ల పుట్టుకతో వచ్చే జన్యు లోపాలు పెరిగినట్లు కనిపించలేదు. బీజకణాల ద్వారా మనుషులలో వారసత్వ ఉత్పరివర్తనాలు కలిగిస్తుందని తిరుగులేకుండా రుజువైన రసాయనం ఒక్కటీ లేదని నిపుణులు చాలాకాలంగా చెబుతూ వచ్చారు.

దీన్ని చూసి రసాయనాలు మనుషులను ఏమీ చేయవని అనుకోవడం కూడా తప్పే. మనుషులలో ఈ ప్రశ్నను ఎంత శ్రమకోర్చి పరీక్షించారో ఒక ఉదాహరణ చెబుతాను, అందులో కారకం రసాయనం కాదు, రేడియేషన్. హిరోషిమా, నాగసాకి బాంబు బాధితుల పిల్లలలో జేమ్స్ నీల్, జపాన్‌లోని ఆయన సహచరులు 30 రక్త ప్రోటీన్లను ఇదే విద్యుత్ పద్ధతితో పరీక్షించారు. బాంబుకు దగ్గరలో ఉన్నవారి పిల్లలలో మొత్తం 6,67,404 జన్యు పరీక్షలకు 3 ఉత్పరివర్తనాలు, పోలిక కోసం తీసుకున్న పిల్లలలో 4,66,881 పరీక్షలకు 3 ఉత్పరివర్తనాలు దొరికాయి. అంటే తేడా కనిపించలేదు. ఇన్ని లక్షల పరీక్షలలో మూడేసి మాత్రమే దొరికాయంటే, చిన్న పెరుగుదల ఉన్నా అది కంటికి అందదని కూడా గుర్తుంచుకోవాలి. ఎలుకలలో మోతాదును మనుషులకు ఎన్నడూ ఇవ్వని స్థాయికి పెంచేది ఇందుకే.

మీ విషయంలో చేయవలసినది, చికిత్స చేసిన వైద్యులను రెండు సంగతులు అడగడం: చికిత్స ముగిశాక గర్భధారణకు ఎంత వ్యవధి ఇవ్వాలని వారు చెబుతారు, అది ఇప్పటికే గడిచిందా? ఈ తరహా మందులు కొందరిలో శుక్రకణాల సంఖ్యను తగ్గిస్తాయి గనుక దానికి సంబంధించిన పరీక్ష కూడా చేయించమని అడగండి. జన్యు సలహా నిపుణులతో ఒకసారి మాట్లాడితే, మీ భయానికి ఎంతవరకు ఆధారం ఉందో మీ వివరాలతోనే చెప్పగలరు.

ప్రశ్న: ఇప్పుడు డీఎన్‌ఏ మొత్తాన్ని చదవగలుగుతున్నాం కదా. ఈ ప్రోటీన్ పరీక్షలు పాతబడిపోయినట్లేనా? — పరిశోధక విద్యార్థి

సమాధానం: గుర్తింపు పనికి పాతబడినట్లే. ప్రోటీన్ పరీక్షకు పుట్టుకతోనే ఉన్న పరిమితి ఏమిటంటే, అమైనో ఆమ్లం మారిన ప్రతిసారీ ఆవేశం మారదు. ఇరవై అమైనో ఆమ్లాలలో స్పష్టమైన ఆవేశమున్నవి నాలుగే, హిస్టిడీన్‌ది పాక్షికం. అందువల్ల అమైనో ఆమ్లాన్ని మార్చే మార్పులలో సుమారు మూడింట ఒక వంతు మాత్రమే పట్టీ చోటును మారుస్తుందని అంచనా. అమైనో ఆమ్లమే మారని మార్పులు, ప్రోటీన్ సంకేతం లేని డీఎన్‌ఏ భాగాలలో వచ్చేవి ఈ పరీక్షకు ఎన్నటికీ అందవు. ఇథైల్‌నైట్రోసోయూరియా ఎక్కువ మోతాదులో తగిలిన తండ్రికి పుట్టిన పిల్లలో పది పదిహేను లక్షల అక్షరాలకు ఒక మార్పు చొప్పున, మొత్తం మీద రెండు మూడు వేల మార్పులు ఉంటాయి. వాటిలో ప్రోటీన్లను మార్చేవి కొన్ని పదులు మాత్రమే. ఇరవై ప్రోటీన్ల జెల్ ఇందులో ఎంత చూడగలదో మీరే ఊహించవచ్చు.

సహజంగా జరిగే ఉత్పరివర్తనాల వేగం చూస్తే ఆ పరీక్ష భారం తెలుస్తుంది. ఓక్ రిడ్జ్‌లో రసాయనం ఇవ్వని మగ ఎలుకలకు పుట్టిన 5,31,500 పిల్లలలో ఏడు జన్యువులకు కలిపి 28 ఉత్పరివర్తనాలు దొరికాయి. అంటే జన్యువుకు పది లక్షలకు ఏడెనిమిది. ఆ వేగంతో ఒక్కొక్క పిల్లలో 20 ప్రోటీన్లు చొప్పున పదివేల పిల్లలను పరీక్షించినా సహజంగా ఒకటో రెండో కనబడతాయి, ఒకటీ కనబడకపోయినా ఆశ్చర్యం లేదు. ఇప్పుడు తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి డీఎన్‌ఏ చదివితే ఒక్క కుటుంబంలోనే కొత్త మార్పులు పదుల్లో దొరుకుతున్నాయి. ప్రతి మానవ శిశువులో అవి సుమారు 60 నుంచి 70 ఉంటాయి. రసాయనాల భద్రతా పరీక్షలలో కూడా, బ్యాక్టీరియా జన్యువును డీఎన్‌ఏలో చేర్చిన ఎలుకల శుక్రకణాలను నేరుగా పరీక్షించే ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) 488వ మార్గదర్శకం 2011 నుంచి అమలులో ఉంది. దానికి పిల్లలను పుట్టించి పరీక్షించవలసిన అవసరం లేదు గనుక ఎన్నో ఎలుకల ప్రాణాలు మిగులుతాయి.

అయినా ప్రోటీన్ దగ్గరకు తిరిగి రావలసిన సందర్భాలు ఉంటాయి. డీఎన్‌ఏలో ఒక అక్షరం మారిందని యంత్రం చెబుతుంది గాని, ఆ మార్పు వల్ల ప్రోటీన్ తయారవుతోందా, మడత సరిగా పడుతోందా, త్వరగా నశిస్తోందా అన్నది కణంలోకి వెళ్లి చూడాల్సిందే. నేడు ద్రవ్య వర్ణపటమాపకాలు (మాస్ స్పెక్ట్రోమీటర్లు) ప్రోటీన్లను చిన్న ముక్కలుగా తూచి, ఏ ముక్కలో ఏ అమైనో ఆమ్లం మారిందో కూడా చెప్పగలుగుతున్నాయి. ఆవేశం మారని మార్పు కూడా, అది బరువును మార్చినంత వరకు, వాటి నుంచి తప్పించుకోలేదు. మీరు ఏదైనా ఉత్పరివర్తనం మీద పని మొదలుపెడితే డీఎన్‌ఏ వరుసతో ఆగిపోకుండా, అదే ఎలుక నుంచి కణజాలం కొంచెం చల్లగా నిలవ చేసుకోండి. జతకట్టే వయసు దాటిన ఎలుక నుంచి మళ్లీ ఆ తరం పుట్టించలేం, ఆ నమూనా లేకపోతే ప్రోటీన్ గురించిన ప్రశ్నకు జవాబు వెదకడానికి మరో మూడు నెలలు ఆగవలసి వస్తుంది.